ప్లాస్టిక్ లేదని అచ్చువేసిన టీ కప్పులపై ఫిర్యాదు

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా.

కప్పుల తయారీ కంపెనీ మేనేజరు గారికి,

విషయం: “100 శాతం కాగితం, ప్లాస్టిక్ రహితం” అని ముద్రించి అమ్మిన టీ కప్పుల లోపల ప్లాస్టిక్ పొర ఉండటం గురించి.

అయ్యా,

నేను పర్లాకిమిడి బస్టాండు దగ్గర టీ కొట్టు నడుపుతున్నాను. సరిహద్దు దాటితే పాతపట్నమే కాబట్టి మా సరుకు చాలావరకు అక్కడి హోల్‌సేల్ దుకాణం నుంచి వస్తుంది. గత నెలలో మీ కప్పులు 4,000 అక్కడే కొన్నాను. మామూలు కప్పుకన్నా ఒక్కొక్కటి 20 పైసలు ఎక్కువైనా, పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉన్న పై మాటలను నమ్మి, వాటినే తెలుగులోనూ ఒడియాలోనూ బోర్డు రాయించి కొట్టు ముందు పెట్టాను.

తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి ఒక కప్పును రాత్రంతా నీళ్లలో నానబెట్టింది. తెల్లారేసరికి కాగితం గుజ్జుగా విడిపోయి, లోపలి నుంచి కప్పు ఆకారం చెడకుండా పాము కుబుసంలాంటి పలచని పొర ఒకటి చేతికి వచ్చింది. దాన్ని ఆరబెట్టి అగ్గిపుల్ల అంటిస్తే ముడుచుకుని కరిగి, కొవ్వొత్తి వాసనతో చుక్కలుగా రాలింది. ఆ తర్వాత వేర్వేరు పెట్టెల్లోంచి ఆరు కప్పులు తీసి నేనే చేసి చూశాను. ఆరింటిలోనూ అదే పొర.

పెట్టె మీది నంబరుకు ఫోన్ చేస్తే మీ ఉద్యోగి “ఆ పొర లేకపోతే టీ కారిపోతుంది కదండీ, అందరూ వేసేదే” అన్నారు. పదిహేడేళ్లుగా టీ అమ్ముతున్న నాకు ఆ సంగతి ఆయన చెప్పనక్కర్లేదు. పొర వేసినందుకు నేను ఫిర్యాదు చేయడం లేదు, వేసి కూడా లేదని అచ్చువేసినందుకు చేస్తున్నాను.

2020లో ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు ఇలాంటి కప్పుల్లో 85 నుంచి 90 డిగ్రీల వేడి నీటిని 100 మిల్లీలీటర్లు పోసి 15 నిమిషాలు ఉంచి చూడగా, లోపలి పొర నుంచి సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు నీటిలో చేరాయి. రోజుకు మూడు కప్పులు తాగే మనిషికి అవి 75,000 అవుతాయి. టీని అంతసేపు ఎవరు ఉంచుకుంటారని మీరు అనవచ్చు; బస్సు కదిలేదాకా కప్పు పట్టుకుని కబుర్లాడే మా డ్రైవర్లకు పావుగంట ఒక లెక్కా? ఇటలీ వైద్యులు 2024లో ప్రచురించిన పరిశోధనలో, మెడ రక్తనాళాల్లోంచి తీసిన కొవ్వు పూడికను పరీక్షిస్తే 257 మందిలో 150 మందికి అందులో పాలిథిలిన్ (కాగితపు కప్పుల లోపల మామూలుగా పూసే ప్లాస్టిక్) కనబడింది. ప్లాస్టిక్ కనబడినవారిలో తర్వాతి మూడేళ్లలోపు గుండెపోటు, పక్షవాతం లేదా మరణం సంభవించే ముప్పు మిగతావారికన్నా నాలుగున్నర రెట్లు ఎక్కువగా ఉంది. దానికి ప్లాస్టిక్కే కారణమని ఆ వైద్యులు తేల్చి చెప్పలేదు, నేనూ చెప్పడం లేదు. అయినా తెలిసి తాగాలో మానాలో తేల్చుకోవలసింది తాగేవారు. మీ మాట నమ్మి వారికి ఆ అవకాశం లేకుండా చేసినవాణ్ణి నేనయ్యాను.

పైగా కాగితమే కదా అని వాడిన కప్పులను పెరట్లోని ఎరువు గుంతలో వేయించాను. కాగితం చివికి పొరలు మిగిలాయి. వాటిని ఏరించేలోగానే వాన పడి కొన్ని కాలువలోకి కొట్టుకుపోయాయి. ఆ కాలువ మహేంద్రతనయలో, ఆ నది వంశధారలో కలుస్తాయి. వంశధార కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది.

పర్యావరణ హితమని చెప్పుకునే సరుకుకు ఆధారం చూపాలని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. కాబట్టి ఆ పొర దేనితో చేసినదో, వేడి పానీయాలకు పనికివస్తుందని ఏ పరీక్షలో తేలిందో రాతపూర్వకంగా తెలపండి. మిగిలిన 2,600 కప్పులు వెనక్కి తీసుకుని డబ్బు చెల్లించండి. కొత్త పెట్టెల మీద ఆ మాటలు తీసేసి, పొర ఉన్నదని తెలుగులోనూ ఒడియాలోనూ ముద్రించండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.

బోర్డు చెరిపించాను. కొట్టులో మళ్లీ గాజు గ్లాసులే వాడుతున్నాం. బిల్లు నకలు, పెట్టె అట్ట, ఆరు కప్పుల నుంచి తీసిన పొరలు ఈ లేఖతో జతచేశాను.

ఇట్లు,
టీ కొట్టు యజమాని