పూల కోసం పెంచే ఎర్రగడ్డలు

లెస్టర్, ఇంగ్లండ్
జూన్ నెల

పూజ్యులైన పెద్దనాయన గారికి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ పెద్దమ్మా క్షేమమని తలుస్తాను. ఈపాటికి కోడుమూరు చేలో తొలకరి దుక్కి పూర్తయి, ఎర్రగడ్డ విత్తనం తెప్పించే పనిలో ఉండి ఉంటారు. నేను పంపిన ఫోటో చూసి, కూరకు పనికిరాని గడ్డను పెరట్లో ఎందుకు పెంచుతున్నావని అడిగారు. ఫోన్లో రెండు మాటల్లో తేల్చడం ఇష్టం లేక ఇలా వివరంగా రాస్తున్నాను.

ఇక్కడివాళ్లు వీటిని అల్లియం అంటారు. మన ఎర్రగడ్డ, తెల్లగడ్డ కూడా ఆ ఉల్లి కుటుంబానివే; ఆకు నలిపితే అదే ఘాటు. పూల కోసం పెంచే పెద్ద రకాల్లో చాలావాటి పుట్టిల్లు మధ్య ఆసియా కొండ ప్రాంతాలు. అక్కడ చలికాలమంతా మంచు, వసంతంలో తడి, ఎండాకాలంలో నేల పొడిపొడిగా ఎండిపోవడం. ఈ మూడూ తెలిస్తే వీటి పెంపకం సగం తెలిసినట్టే.

అందుకే గడ్డలను సెప్టెంబరు నుంచి నవంబరు లోపల నాటుతాము. మనం ఎర్రగడ్డను పైపైన నాటుతాము. దీన్ని మాత్రం గడ్డ ఎత్తుకు మూడు నాలుగు రెట్ల లోతున, అంటే పెద్ద గడ్డయితే సుమారు 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతున పెట్టాలి. పైపైన పెడితే ఎత్తుగా లేచిన కాడ గాలికి ఒరిగిపోతుంది. రోజంతా ఎండ తగిలే చోటు కావాలి. మా పెరటి నేల మన నల్లరేగడి లాగానే వానకు ముద్దయి, ఎండకు నెర్రెలిస్తుంది. నీరు నిలిస్తే నిద్రలో ఉన్న గడ్డ కుళ్లిపోతుంది కాబట్టి ముతక ఇసుక, సన్న గులకరాళ్లు కలిపి, మడిని కాస్త ఎత్తు చేసి నాటాను. ఎరువు ఎక్కువ అక్కరలేదు. వేసవిలో నీళ్లు అసలే అక్కరలేదు.

కొత్తగా పెంచేవాళ్లను కలవరపెట్టేది ఆకు. పూత విచ్చే సమయానికే ఆకు కొసలు పసుపుపచ్చబడి వాలిపోతాయి. అది తెగులు కాదు, వాటి తీరే అంత. అసహ్యంగా ఉందని ఆకు కోసేస్తే మరుసటి ఏడాది గడ్డ చిక్కిపోతుంది. గడ్డకు బలం చేరేది పచ్చని ఆకు నుంచేనని మీకు నేను చెప్పనక్కరలేదు. ముందు వరుసలో గుబురుగా పెరిగే మొక్కలు పెడితే ఆ వాడిన ఆకు కంటికి కనబడదు.

ఇక పూల సంగతి. మొగ్గ మీద ఉల్లిపొర వంటి పల్చని తొడుగు ఉంటుంది. అది ఒక పక్కన చీలి, లోపలి చిన్న చిన్న మొగ్గలు తమ తొడిమలను నలువైపులా చాచుకుంటూ గుండ్రని బంతిగా విప్పుకోవడానికి చాలా రోజులు పడుతుంది. పర్పుల్ సెన్సేషన్ అనే రకం మే నెలలో పూస్తుంది. కాడ ఇంచుమించు మీటరు ఎత్తు, ముదురు వంకాయ రంగు. ఇప్పుడు పూస్తున్నది క్రిస్టోఫియై. కాడ పొట్టిదే గాని, పువ్వు గుత్తి 20 సెంటీమీటర్ల వెడల్పు వరకు వస్తుంది. ఒక్కొక్క పువ్వు ఆరు సన్నని రేకుల నక్షత్రం, రేకుల మీద లోహపు మెరుపు, నడిమధ్య ఆకుపచ్చని బుడిపె. తేనెటీగలు పొద్దున్నించీ వీటిని వదలవు. పూత అయ్యాక కూడా ఎండిన గుత్తి నెలల తరబడి నిలిచే ఉంటుంది కనుక నేను దాన్ని కొయ్యను. జైగాంటియం అనే రకం మనిషెత్తు పెరుగుతుంది. మన యార్డులో క్వింటాలు లెక్కన అమ్మే సరుకుకు దాయాది అయిన ఈ గడ్డను ఇక్కడ ఒక్కొక్కటిగా ధర కట్టి అమ్ముతారు.

తెగుళ్లలో భయపడవలసింది తెల్లకుళ్లు. అది ఒకసారి వచ్చిన నేలలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది కాబట్టి, వంటకు ఉల్లి వేసిన మడిలో వీటిని పెట్టను. ఉల్లి జాతి ఏదైనా కుక్కలకూ పిల్లులకూ విషమే, రక్తాన్ని దెబ్బతీస్తుంది. అందుకని మడి చుట్టూ దడి కట్టించాను.

ఈ గడ్డలు కొన్ని పంపమని పెద్దమ్మ అడిగింది. పంపడానికి నాకు మనసొప్పడం లేదు. వారాల తరబడి గట్టి చలి తగిలితే గాని ఇవి పూత కాడ వేయవు. కర్నూలు చలికాలం దానికి చాలదు. ఆకు వేసి, క్రమంగా చిక్కి, పూయకుండానే పోతాయి. మన ఎర్రగడ్డకు అంత చలి అక్కరలేదు. పూత వేసిన గడ్డలో కాడ గట్టిపడి ధర రాదని మీరు పూకాడలను తుంచేస్తారు. ఈసారి రబీలో గట్టు పక్కన కొన్ని గట్టి గడ్డలను నాటించి, అవి పూత వేస్తే తుంచకుండా వదిలిపెట్టమని నా మనవి. ఆ తెల్లని గుండ్రని పూత ఈ ఖరీదైన వాటికి ఏమాత్రం తీసిపోదని నా గట్టి నమ్మకం. పూసినప్పుడు దగ్గర నుంచి ఒక ఫోటో తీయించి పంపగలరు.

ఇట్లు,
మీ తమ్ముని కొడుకు