ఫిజియోథెరపీ క్లినిక్‌లో మొదటి ఖర్చు నేలకు, నడక నేర్పే బార్లకు పెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

గుంటూరు కొత్తపేటలోనూ, విజయవాడ సూర్యారావుపేటలోనూ కొత్తగా ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టుకునే పిల్లలు చాలామంది అప్పు చేసి సామాను కొంటున్నారు. అమ్మానాన్నల పేరు మీద సేవా కేంద్రాలకు మెషిన్లు ఇచ్చే దాతలూ ఉన్నారు. ఇద్దరి చేతిలోనూ ఉండేది డీలరు రాసిచ్చిన లిస్టే. అందులో ఐఎఫ్‌టీ (నొప్పికి సన్నగా కరెంటు పెట్టేది), అల్ట్రాసౌండ్ (స్కానింగ్‌ది కాదు, ధ్వని తరంగాలతో వైద్యం చేసేది), లేజర్, ట్రాక్షన్ (మెడ, నడుము లాగేది) మెషిన్లు ముందుంటాయి. రెండు చేతులతో పట్టుకుని మధ్యలో నడక నేర్చుకునే జంట కడ్డీలు, అంటే పారలల్ బార్లు అట్టడుగున, స్థలం మిగిలితే చూద్దాం అన్నట్టు ఉంటాయి. ఈ వరస తిరగెయ్యమని మా మనవి. పక్షవాతం వచ్చినవాళ్లు, మోకీలు మార్చుకున్నవాళ్లు, తుంటి విరిగినవాళ్లు మళ్లీ లేచి తిరగాలంటే వాళ్ల ఒంటితో వాళ్లే చేయాల్సిన పని చాలా ఉంది. ఆ పనికి చోటూ, పట్టుకోవడానికి ఆసరా కావాలి. నొప్పి తగ్గించే మెషిన్ దానికి తోడు.

సామాను కంటే ముందు గది చూసుకోవాలి. వీల్‌చైర్ ర్యాంపు వాలు 1:12 ఉండాలి. అంటే రోడ్డు కంటే రెండడుగులు ఎత్తున్న అరుగుకు ఇరవై నాలుగు అడుగుల ర్యాంపు. మన వీధుల్లో అంత జాగా ఎక్కడిది? అద్దె తక్కువని ఎత్తు అరుగు గది తీసుకుని, నిటారుగా సిమెంటు పోసి ర్యాంపు అనిపిస్తే వీల్‌చైర్ వెనక్కి తిరగబడుతుంది. తలుపు సందు 90 సెంటీమీటర్లు ఉండాలి. నున్నటి టైల్స్ వద్దు. వేడినీళ్ల ట్యాంకులో కాచి ఒంటికి పెట్టే హాట్ ప్యాక్ నుంచి కారిన నీళ్లు, అల్ట్రాసౌండ్ జెల్ చుక్క పడితే చాలు, కర్ర పట్టుకున్న మనిషి జారిపోతాడు. గరుకు టైల్స్ గానీ జారని వినైల్ షీటు గానీ వేయించండి.

పారలల్ బార్లు మామూలుగా పదడుగుల పొడవుంటాయి. గది పదమూడు అడుగులుంటే సరిపోతుందనుకుని ఒక చివర గోడకు ఆనించేస్తారు. పొరపాటు అక్కడే. వీల్‌చైర్ తిరగడానికి ఒక చివర ఐదడుగులు, రెండో చివర మనిషి బయటికొచ్చి తిరగడానికి కనీసం మూడడుగులు వదలాలి. మొత్తం పద్దెనిమిది అడుగులు. జాగా లేకపోతే ఏడెనిమిది అడుగుల బార్లు చేయించుకోవడం మేలు. ఎత్తు, వెడల్పు రెండూ మార్చుకునేలా ఉండాలి. మనిషి నిలబడి చేతులు వేలాడేస్తే మణికట్టు దగ్గరికి బార్ రావాలి. పట్టుకున్నప్పుడు మోచెయ్యి 20 నుంచి 30 డిగ్రీలు వంగాలి. ఎత్తు తక్కువైతే నడుం వంచి నడుస్తారు. ఎక్కువైతే భుజాలు పైకి లేచి, చేతుల మీద బరువు మోపలేరు. తుంటికీ బార్‌కూ మధ్య రెండు వైపులా రెండేసి అంగుళాల సందు చాలు. బేస్ ప్లేట్లు కాంక్రీటులోకి యాంకర్ బోల్టులతో దిగాలి. కింద బోలుగా ఉన్న టైలు మీద బిగిస్తే కొన్నాళ్లకు టైలు పగిలి స్టాండు ఊగుతుంది. ప్రతి సోమవారం ఒకసారి బార్లు ఊపి చూసి నట్లు బిగించుకోవాలి. ఎదురు గోడకు నిలువెత్తు అద్దం పెట్టండి.

తర్వాత, పడుకుని కసరత్తు చేసే మ్యాట్ బల్ల. దాని ఎత్తు వీల్‌చైర్ సీటంత, 18 నుంచి 20 అంగుళాలు ఉండాలి. పక్షవాతం మనిషిని ముప్పై అంగుళాల కౌచ్ మీదికి ఎత్తి పడుకోబెడుతుంటే అతనికీ భయం, థెరపిస్టు నడుముకూ ముప్పు. ఫోమ్ గట్టిగా ఉండాలి; మెత్తనిదైతే మనిషి కుంగిపోయి పక్కకు దొర్లలేడు. మన వాళ్లు పీట మీద, చాప మీద కూర్చునేవాళ్లు. నేల మీద నుంచి లేవడం నేర్పడానికి కింద పరిచే మ్యాట్లు కూడా తప్పనిసరి. ఎక్సర్‌సైజ్ మెట్లలో ఒక వైపు నాలుగు అంగుళాలు, రెండో వైపు ఆరు అంగుళాల మెట్లు ఉంటాయి. ఆర్టీసీ బస్సు మొదటి మెట్టు అంతకన్నా ఎత్తు. పది పన్నెండు అంగుళాల చెక్కపెట్టె ఒకటి వడ్రంగి చేత విడిగా చేయించి బార్ల పక్కన ఉంచండి.

కాళ్లకూ చేతులకూ కట్టుకునే బరువు పట్టీలు, అంటే వెయిట్ కఫ్‌లు అర కిలో నుంచి మూడు కిలోల దాకా జతలుగా కొంటే చాలు. సాగే రబ్బరు బ్యాండ్లు మన ఎండలకు పెళుసుబారతాయి. కిటికీ దగ్గర వేలాడదీయకండి, చీలిక కనిపిస్తే పారేయండి. తెగితే కంటికి తగులుతుంది. కీలు ఎన్ని డిగ్రీలు వంగుతుందో కొలిచే గోనియోమీటరు, టేపు, స్టాప్‌వాచ్ లేని క్లినిక్‌లో మెరుగుదల ఎంతో చెప్పడానికి ఆధారమే ఉండదు. కుర్చీ నుంచి మూడు మీటర్ల దూరంలో నేల మీద గీత గీసి, లేచి వెళ్లి తిరిగి వచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోవచ్చు. ఇందుకయ్యే ఖర్చు దాదాపు సున్నా.

ఇక మెషిన్లు. ముందు ఎర్తింగ్, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి ఉండాలి. మే నెలలో మట్టి ఎండితే ఎర్త్ పిట్ పని చేయదు, నీళ్లు పోయాలి. ఒంటి లోపలికి వేడి పంపే షార్ట్ వేవ్ డయాథెర్మీ మెషిన్ కొంటే చెక్క కౌచ్, చెక్క కుర్చీయే వాడాలి. మిగతా మెషిన్లు కనీసం మూడు మీటర్ల దూరంలో ఉండాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లను ఆ గదిలోకే రానివ్వకూడదు. హాట్ ప్యాక్ ట్యాంకు 70-75 డిగ్రీల సెల్సియస్‌లో ఉంటుంది కాబట్టి ప్యాకుకు ఆరు నుంచి ఎనిమిది మడతల టవల్ చుట్టాలి. షుగర్ ఉండి పాదాలు మొద్దుబారినవాళ్లకు వేడి పెట్టేముందు రెండు గాజు గొట్టాల్లో చన్నీళ్లు, వేడినీళ్లు పోసి స్పర్శ చూడకపోతే బొబ్బలు ఖాయం. హాట్ ప్యాక్ ట్యాంకులో బోరు నీళ్లు పోస్తే కాయిల్ మీద ఉప్పు పేరుకుని కాలిపోతుంది. అల్ట్రాసౌండ్ హెడ్‌ను పైకి తిప్పి రెండు చుక్కల నీళ్లు వేసి ఒక్క క్షణం ఆన్ చేయండి. నీళ్లు కదిలితే తరంగం వస్తున్నట్టు. డోసు సరిగా ఉందో లేదో మాత్రం ఏడాదికోసారి మీటరు పెట్టి చూపిస్తేనే తెలుస్తుంది.

నాలుగు మెషిన్లు ఒకే పెట్టెలో ఉండే కాంబో చవకగా కనిపిస్తుంది. ఒక బోర్డు పోతే నాలుగూ కలిసి సర్వీసుకు వెళతాయి, అన్ని రోజులూ క్లినిక్ ఖాళీ. విడివిడిగా ఐఎఫ్‌టీ ఒకటి, అల్ట్రాసౌండ్ ఒకటి కొనుక్కోండి. మోకీలు మార్పిడి తర్వాత కాలిని దానంతటదే వంచి చాపే సీపీఎం మెషిన్ తొందరపడి కొనకండి. దానివల్ల మోకీలు అదనంగా వంగేది కొద్ది డిగ్రీలేనని పరిశోధనలు చెబుతున్నాయి. 2020 ఏప్రిల్ నుంచి వైద్య పరికరాలన్నీ మందుల చట్టం పరిధిలోకి వచ్చాయి. లేబుల్ మీద లైసెన్సు నంబరు, బిల్లులో సీరియల్ నంబరు చూసి తీసుకోండి.

మెట్లెక్కలేనివాళ్ల కోసం క్లినిక్ కిందే ఉండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్ ఇళ్లలోకి ఎలా వచ్చాయో చూశాం. ప్లగ్ పాయింట్లు నేలకు మూడడుగుల పైన పెట్టించి, రాత్రి మూసేటప్పుడు మెషిన్లు ట్రాలీల మీద నుంచి పై అల్మారాలోకి ఎక్కించే అలవాటు చేసుకోవాలి.

దాతలకు ఒక్క విన్నపం. మెషిన్ ఇచ్చేటప్పుడు రెండేళ్ల సర్వీసు కాంట్రాక్టు, అదనంగా ఒక జత కేబుళ్లు, రబ్బరు ఎలక్ట్రోడ్లు కూడా కొనివ్వండి. ఆ ఎలక్ట్రోడ్లు పాతబడి గట్టిపడితే కరెంటు ఒకే చోట గుచ్చుకుంటుంది, పేషెంటు రెండో రోజు రాడు.

– కొందరు ఫిజియోథెరపిస్టులు, గుంటూరు