బరంపురం నరాల పరీక్ష గదిలోని దిదీకి

నాన్నగారి కుడిచేతికి కార్పల్ టన్నెల్ (మణికట్టులో నరం నొక్కుకుపోయే జబ్బు) ఆపరేషన్ రెండోసారి అయింది. రాత్రి తిమ్మిర్లు ఆగాయి. వేళ్ల కొసల్లో మొద్దు ఇంకా ఉంది. కళ్లు మూతలు పడుతున్నా దిదీకి, అంటే ఆ అక్కకి, దండం పెట్టకుండా పడుకోలేను.

పేరు రాయను, ఉద్యోగానికి ఇబ్బంది. మొదటి ఆపరేషన్‌తో తగ్గక వెళ్లినప్పుడు నరాల పరీక్ష చేసిన టెక్నీషియన్. పర్లాకిమిడి నుంచి వచ్చామనగానే ఒడియా ఆపి తెలుగులోకి మారారు. చలికి నాన్న చేయి మంచుముద్దలా ఉంది. చేయి చల్లబడితే నరంలో సంకేతం నెమ్మదిస్తుంది, లేని జబ్బు కాగితం మీద కనిపిస్తుంది. చర్మం 32 డిగ్రీలైనా ఉండాలి. బయట అంత క్యూ ఉన్నా మగ్గుతో గోరువెచ్చని నీళ్లు తెచ్చి, చేయి ముంచి, తన తువ్వాలుతో తుడిచి, అప్పుడు తీగలు అంటించారు. నాకు అక్కడే ఏడుపొచ్చింది.

తర్వాత బాల్‌పెన్ను తీసి మొద్దుగా ఉన్నంతమేరా గీత గీశారు. బొటనవేలు, చూపుడు, మధ్య, ఉంగరపు వేలిలో మధ్యవేలి వైపు సగం. అది మీడియన్ నరం దారి. చిటికెనవేలూ మొద్దుబారితే మోచేయి, మెడ కూడా చూడాలి.

"ఆపరేషనయ్యాక రాత్రి తిమ్మిరి ఒక్కసారైనా పోయిందా బాబూ?" అన్నారు. అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న అది. అసలు పోకపోతే లిగమెంటు (నరం మీద బిగుసుకున్న పట్టీ, ఆపరేషన్‌లో కోసేది దాన్నే) పూర్తిగా తెగకపోయి ఉండొచ్చు, లేదా జబ్బు మెడలోనో షుగర్‌లోనో ఉండొచ్చు. పోయి, నెలల తర్వాత తిరిగొస్తే లోపలి మచ్చ నరాన్ని పట్టేసి ఉండొచ్చు. మునుపు లేని నొప్పో, బొటనవేలి బలహీనతో ఆపరేషన్‌తోనే మొదలైతే నరానికే దెబ్బ తగిలిందేమో వెంటనే చూడాలి.

తగ్గలేదంటే "టైం పడుతుంది" అని పంపేసినవాళ్లది పూర్తిగా అబద్ధం కాదు. అరచేతి మొదట్లో రెండు పక్కలా నొక్కితే వచ్చే నొప్పి 3 నుంచి 6 నెలలు ఉండొచ్చు. నరం పెరిగేది రోజుకి సుమారు 1 మిల్లీమీటరు, కాబట్టి వేలి కొసకి స్పర్శ రావడానికి నెలలు పడుతుంది. కానీ రాత్రి తిమ్మిరి సాధారణంగా మొదటి వారాల్లోనే తగ్గాలి. మొదటి ఆపరేషన్ తర్వాత నాన్నకి ఒక్క రాత్రీ తగ్గలేదు.

పాత రిపోర్టు కూడా తెమ్మన్నారు. ఆపరేషన్ బాగా జరిగినా నరాల పరీక్ష అంకెలు పూర్తిగా మామూలుకి రాకపోవచ్చు, అందుకే ముందు రిపోర్టుతో పోల్చకుండా కొత్తది ఒక్కటే చూసి తేల్చకూడదు. ఇక్కడే నాకు మండింది. మొదట కోసిన ఆసుపత్రి ఆ రిపోర్టు తన ఫైల్లోనే పెట్టుకుంది. డిశ్చార్జి కాగితంలో మూడు ముక్కలు, లిగమెంటు ఎక్కడిదాకా కోశారో లేదు. ఆరోగ్య కార్డు ఆపరేషన్‌కి పనికొచ్చింది, తర్వాతి పరీక్షలన్నిటికీ చేతి డబ్బే. కొమ్ము బొమ్మలు అరగదీసి బతికే మనిషి చేయి ఇది, అది ఆగితే ఇంట్లో ఏం ఆగుతుందో ఆ ఫారాల్లో రాసే గడి లేదు.

డాక్టరుగారిని అడగమని దిదీ ఒక చీటీ రాసిచ్చారు: అల్ట్రాసౌండులో నరం ఎక్కడ ఉబ్బిందో, లిగమెంటు అరచేతి వైపు అంచు తెగిందో లేదో చూడాలి. చూస్తే ఆ అంచు తెగలేదు. రెండోసారి ఆ మిగిలిన అంచే కోశారు. ఆ డాక్టరుగారికీ నమస్కారం.

అమ్మ, తమ్ముడు, అక్కాబావలు సరేసరి.

అయ్యో, ఫిజియో అబ్బాయిని మర్చిపోయాను. వేళ్లు చాచడం, కొక్కెంలా వంచడం, పిడికిలి పట్టడం ఓపిగ్గా నేర్పాడు. కుట్లు తీసి గాయం పూర్తిగా మూసుకున్నాకే మచ్చ మీద కొబ్బరినూనెతో 5 నిమిషాలు రుద్దాలన్నాడు. ఆకురాయి ఇప్పుడప్పుడే ముట్టొద్దని, ముట్టే రోజుకి పిడికి గుడ్డ చుట్టి లావు చేయమని నాన్నకి రెండు భాషల్లోనూ చెప్పాడు. రికార్డు గదిలో మధ్యాహ్నం భోజనం మానేసి పాత ఫైలు వెతికిన గుమస్తాగారు కూడా. కట్టుచేయి చూసి ముందు సీటు ఇప్పించిన బరంపురం బస్సు కండక్టరు కూడా.