సైకిల్ కిట్ ఇచ్చేముందు ఇకపై కుక్క వయసు అడుగుతాం

కుక్కతో కలిసి పరుగెత్తడానికి, సైకిల్ తొక్కడానికి కావలసిన బెల్టులు, హార్నెస్‌లు (కుక్క ఛాతీకి తొడిగే పట్టీలు), తాళ్లు మా దగ్గర కొంటున్న మీ అందరికీ నమస్తే. ఈమధ్య కుక్కను సైకిల్‌కి తగిలించి పరుగెత్తించే సైకిల్ కిట్లకు గిరాకీ బాగా పెరిగింది. సంతోషమే. అయినా ఒక నిర్ణయం తీసుకున్నాం: ఏడాదిన్నర నిండని కుక్క కోసమైతే సైకిల్ కిట్ అమ్మం. అమ్మకాలు తగ్గుతాయని తెలుసు.

కుక్కపిల్లల్లో ఎముకలు పొడవు పెరిగేది వాటి చివర్లలోనే. ఆ భాగాలు మెత్తగా ఉంటాయి. చిన్న జాతుల్లో ఏడాదిలోపే గట్టిపడతాయి కానీ, పెద్ద జాతుల్లో ఏడాదిన్నర దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఆలోపు గట్టి నేల మీద ఆగకుండా పరుగెత్తిస్తే కీళ్లు దెబ్బతినొచ్చు. మనమూ పక్కన పరుగెత్తేటప్పుడైతే చాలామందికి కుక్కకంటే ముందే ఆయాసం వస్తుంది, ఆగిపోతారు. సైకిల్ మీద మనకు ఆ అలసట తెలియదు. కుక్కేమో మనల్ని వదిలి వెనకబడటానికి ఇష్టపడదు, కాళ్లు నొప్పెడుతున్నా వస్తూనే ఉంటుంది. నాకు ఎక్కువ భయం అక్కడే.

హ్యాండిల్‌కి కట్టుకునే తాడు ఎందుకు పెట్టరని చాలామంది అడుగుతున్నారు. పెట్టం. దారిలో పిల్లి కనిపించి కుక్క ఒక్కసారి పక్కకు లాగితే హ్యాండిల్ తిరిగిపోయి ఇద్దరూ పడతారు. మేమిచ్చే కిట్‌లో ముందు చక్రం మీదుగా బయటకు వచ్చే కడ్డీ ఉంటుంది. తాడు వదులైనా చక్రంలో పడకుండా అది ఆపుతుంది. తాడును తగిలించాల్సింది హార్నెస్‌కే, మెడపట్టీకి కాదు. లాగినప్పుడు ఆ బరువు ఛాతీ మీద పడాలి, గొంతు మీద పడకూడదు.

పరుగు హార్నెస్‌లలో మీడియం సైజు అయిపోయింది, కొత్త సరుకు రావడం ఆలస్యమవుతోంది. తొందరపడి పెద్ద సైజు తీసుకోవద్దు. వదులైతే చంకల్లో రాసుకుని చర్మం లేస్తుంది. మెడ, ఛాతీ కొలతలు పంపండి, సరిపోయేది వచ్చాక మేమే చెబుతాం.

ఎండాకాలం టెన్షన్ వేరే. కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు, ఒంట్లో వేడి ఎక్కువగా రొప్పడం ద్వారానే పోవాలి. గాలిలో ఉక్క ఉంటే అదీ సరిగా పనిచేయదు. అందుకే ఎండ రాకముందే పరుగు ముగించండి. సాయంత్రమైతే అరచేతి వెనక భాగాన్ని రోడ్డు మీద 7 సెకన్లు ఆనించి చూడండి. మీ చెయ్యి ఓర్చుకోలేని వేడిని దాని పాదాలూ ఓర్చుకోలేవు. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు ఊపిరి దారే ఇరుకు. వాటికి మేం పరుగు కిట్ కూడా సిఫారసు చేయం, నడక చాలు.

చిన్న వయసు కుక్క కోసం ఇప్పటికే సైకిల్ కిట్ ఆర్డర్ పెట్టినవాళ్లు ఉంటే చెప్పండి. డబ్బు పూర్తిగా వెనక్కిస్తాం. లేదంటే దానికి వయసు వచ్చేదాకా కిట్ మీ పేరున మా దగ్గరే ఉంచుతాం.