ఆదివారం తాజ్‌మహల్ కడదాం!

అందరికీ నమస్కారం.
ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు మన కమ్యూనిటీ హాల్లో పిల్లలూ పెద్దలూ కలిసి లెగో (ఒకదానికొకటి బిగించే ప్లాస్టిక్ ముక్కల) తాజ్‌మహల్ మొదలుపెడుతున్నాం. మొత్తం 5,923 ముక్కలు, ఎక్కువ భాగం తెల్లవే! అందుకే శనివారం సాయంత్రం 6కి నలుగురైదుగురు వస్తే సైజుల వారీగా వేరు చేసి పెట్టుకుందాం. అది అయిపోతే సగం టెన్షన్ పోయినట్టే.

తలా రెండు స్టీలు పళ్లేలు తెండి. కవర్లు వద్దు, చిన్న ముక్కలు మూలల్లో ఇరుక్కుంటాయి.

అసలు తాజ్‌మహల్ మినార్లు నాలుగూ కాస్త బయటికి వంగి ఉంటాయి, కూలినా సమాధి మీద పడకుండా. ఇది పిల్లలకు ఫోటో చూపించి మరీ చెప్పాలని నా కోరిక.

మూడేళ్లలోపు పిల్లలుంటే పక్కనే ఉండండి, ముక్కలు నోట్లో పెట్టుకుంటారు.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే పేరు, ఫ్లాట్ నంబర్ పెట్టండి. మర్చిపోకండి ప్లీజ్!