పైలట్లు సాయం అడగడానికి మొహమాటపడొద్దు

సంపాదకులకు నమస్కారం.

నేను చాలా ఏళ్లు రాడార్ ముందు కూర్చుని పనిచేసి రిటైరైన ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌ని. చిన్న విమానం కూలిన వార్త కనబడితే, ముందు ఒక్కటే వెతుకుతాను: పైలట్ సాయం అడిగాడా, లేదా?

ప్రైవేట్ పైలట్‌కు చాలాసార్లు పక్కన ఇంకో పైలట్ ఉండడు. దారి చూసుకోవాలి, రేడియోలో మాట్లాడాలి, విమానాన్ని నిలకడగా ఉంచాలి. ఆ హడావిడిలో మబ్బుల్లోకి వెళ్తే, ఎటు ఒరుగుతున్నాడో ఒంటికి తెలియదు. 1954లో ఇల్లినాయ్ యూనివర్సిటీ వాళ్లు పరికరాలు చూసి నడపడంలో శిక్షణ లేని 20 మందిని, బయట ఏమీ కనిపించని పరిస్థితి కల్పించి పరీక్షించారు. సగటున 178 సెకన్లలో విమానం అదుపు తప్పింది. మూడు నిమిషాలు కూడా కాదు.

పైలట్‌కు పని చెయ్యి దాటిపోతోందని గొంతులోనే తెలిసిపోతుంది. మేం చెప్పిన హెడింగ్‌ను, అంటే వెళ్లాల్సిన దిశ అంకెను, తిరిగి చెప్పేటప్పుడు అంకె తడబడుతుంది. ఇప్పుడే ఇచ్చిన రేడియో ఫ్రీక్వెన్సీని మళ్లీ అడుగుతాడు. ఆ తర్వాత జవాబులు ముక్కలు ముక్కలుగా వస్తాయి. ‘అంతా బాగానే ఉందా?’ అంటే ‘ఓకే’ అంటాడు. ఆ ‘ఓకే’ వింటేనే నాకు టెన్షన్ మొదలయ్యేది.

‘కాలూ చెయ్యీ ఆడటం లేదు, సాయం చేయండి’ అని మామూలు మాటల్లో చెప్పినా చాలు. అత్యవసరమని తెలిపే పాన్-పాన్ అన్న రేడియో పిలుపో, ప్రాణాల మీదకొస్తే మేడే అన్న పిలుపో ఇస్తే ఇంకా మంచిది. మిగతా విమానాలను పక్కకు పంపుతాం. ఫ్రీక్వెన్సీ మార్చమనకుండా ఉండేలా చూస్తాం. ఒక్కసారికి ఒక్క పనే చెబుతాం. దిశ చూపే పరికరం పాడైతే, ‘ఎడమకు తిరగండి... ఇక ఆపండి’ అంటూ రాడార్ చూసి దారి చూపిస్తాం. మా ప్రశ్నకు ‘స్టాండ్ బై’ (కాస్త ఆగండి) అన్నా, మేం చెప్పింది కుదరక ‘అన్‌ఏబుల్’ (కుదరదు) అన్నా మేమేమీ అనుకోం.

స్పష్టంగా చెప్పకపోతే ఏమవుతుందో 1990 జనవరి 25న న్యూయార్క్ దగ్గర తెలిసింది. ఏవియాంకా 52వ నంబరు విమానంలో ఇంధనం అయిపోతోందని సిబ్బంది అన్నారు గానీ, ఎమర్జెన్సీ అన్న మాట కంట్రోలర్లతో అనలేదు. 158 మందిలో 73 మంది చనిపోయారు. అనుభవమున్న సిబ్బందే నోరు విప్పలేకపోతే, ఒంటరి పైలట్ సంగతి ఏం చెప్పాలి?

లైసెన్స్ మీదకు వస్తుందేమో, తోటివాళ్లు చులకన చేస్తారేమో అన్న భయం చాలామందిలో చూశాను. ఆపదలో భద్రత కోసం తప్పనిసరైతే నియమాన్ని పక్కనపెట్టే హక్కు అంతర్జాతీయ నిబంధనల్లోనే పైలట్‌కు ఉంది. తర్వాత వివరణ అడిగితే జరిగింది రాసివ్వొచ్చు.

ఫ్లయింగ్ స్కూళ్లకు నా విన్నపం: విద్యార్థుల చేత ఈ మాటలు గట్టిగా పలికించండి. బ్రిటన్‌లో పైలట్లు 121.5 మెగాహెర్ట్జ్ అత్యవసర ఫ్రీక్వెన్సీలో ముందే చెప్పి సాధన కోసం పాన్ కాల్ చేయొచ్చు. అవతల కంట్రోలర్ నిజంగానే జవాబిస్తారు. ఆ వీలు మిగతా దేశాల్లోనూ కల్పించాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్