చార్జర్ ఎందుకు ఆగిందంటే

అమ్మలూ,

క్షేమంగా ఊరు చేరాను. బస్సులో ఉన్నంతసేపూ మీ సెల్లారే కళ్లలో మెదిలింది. ఫోన్‌లో చెబితే మర్చిపోతావని రాస్తున్నాను.

సాయంత్రం ఏడింటికి కారు చార్జింగ్‌కి పెడితే పావుగంటలో ‘లో వోల్టేజ్’ అని ఎర్ర లైటు, అర్ధరాత్రి పెడితే మాత్రం బాగానే ఎక్కేది. అందుకే వచ్చినవాళ్లు ‘ఏరియాలోనే లో వోల్టేజీ, స్టెబిలైజర్ పెట్టుకోండి’ అని తేల్చేశారు. ముప్ఫై ఏళ్లు మోటార్లు వైండింగ్ చేసినవాణ్ణి, ఆ మాట మింగుడుపడలేదు. లో వోల్టేజీ వస్తే పొలం మోటారు కరెంటు ఎక్కువ లాగి కాలిపోతుంది. మీ చార్జర్ 200 వోల్టుల కిందికి పోగానే తనంతట తాను ఆగుతోంది, దాని పని అది సరిగ్గానే చేస్తోంది. మరి వోల్టులు ఎక్కడ పోతున్నట్టు?

కారు పెట్టకముందు కొలిస్తే మీటరు దగ్గరా, చార్జర్ దగ్గరా 219. ఖాళీ లైనులో తప్పు దొరకదు తల్లీ. 32 ఆంపియర్లు లాగుతుండగా చూస్తే మీటరు దగ్గర 215, చార్జర్ దగ్గర 197. పద్దెనిమిది వోల్టులు మన వైరులోనే పోతున్నాయి! 30 మీటర్ల దూరానికి 4 స్క్వేర్ ఎంఎం వైరు లాగారు, అందులో తొమ్మిది పోతాయి. మిగతా తొమ్మిది ఐసొలేటర్, అంటే చార్జర్‌కి కరెంటు ఆపే స్విచ్చి డబ్బా, మూత తీయించాక కనిపించాయి. కరెంటు తిరిగెళ్లే న్యూట్రల్ వైరు స్క్రూ కింద తొడుగు గోధుమరంగుకి తిరిగి, గోటితో గీరితే పొడిలా రాలింది. ఆ ఒక్క స్క్రూ దగ్గర దాదాపు 290 వాట్ల వేడి. టంకం పెట్టే ఐరన్ 25 వాట్లే. స్టెబిలైజర్ పెట్టి ఉంటే ఎర్ర లైటు పోయేది, స్క్రూ మాత్రం రోజూ గంటలకొద్దీ మాడేది. ఆ వాసన తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండెదడే.

కాలిన కొస కోసి, కొసకి లగ్ (నొక్కి బిగించే లోహపు తొడుగు) వేసి, ఐసొలేటర్ మార్చాక అదే వేళకి 206 వచ్చింది. అయినా వైరు మార్పించు, 10 స్క్వేర్ ఎంఎం వేయించు. అప్పుడు పోయేది మూడున్నర వోల్టులే. అంతవరకు యాప్‌లో 16 ఆంపియర్లకు తగ్గించి, రాత్రి 11 దాటాక పెట్టుకో.

ఎప్పుడైనా మీటరు దగ్గరే బాగా పడిపోతే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చెయ్యి. ఒక గదిలో లైట్లు మసకబారి ఇంకో గదిలో మరీ వెలిగితే న్యూట్రల్ వదిలినట్టే, వెంటనే మెయిన్ ఆపేయి. మూతలు మాత్రం నువ్వు తీయకు, అల్లుడుగారినీ తీయనివ్వకు.

నెలకోసారి చార్జింగ్ అవుతుండగా ఐసొలేటర్ డబ్బా మీద చేయి ఆనించి చూడు. గోరువెచ్చగా ఉంటే పర్లేదు. చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆపేసి నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రైనా సరే.

మీ నాన్న